రెండు పరీక్ష అట్టలు

గేటు పడింది. గూడ్సు బండి పోయింది. గేటు మాత్రం లేవలేదు. ఎదురు బండి కూడా ఉందని గేటు మనిషి చెయ్యూపి చెప్పాడు. డ్రైవరు ఇంజను ఆపేసి, చెప్పులు తొడుక్కుని దిగిపోయాడు. ఆయనే దిగాక ఇక కూర్చుని చేసేదేముందని సగం బస్సు దిగింది.

రైలు పెట్టెలో మనుషులు గొప్పలు చెప్పుకుంటారు. ఆస్పత్రి వరండాలో అబద్ధాలు చెబుతారు, దయగల అబద్ధాలే అనుకోండి. గేటు దగ్గర ఆగిపోయిన బస్సు పక్కన నిలబడ్డప్పుడు మాత్రం నిజం చెబుతారు. నలభై ఏళ్ళ తిరుగుడులో నేను కనిపెట్టిన నాలుగైదు విషయాల్లో ఇదొకటి. మిగతావి చెప్పులకు సంబంధించినవి, ఇక్కడ అనవసరం.

అప్పటికి రెండు గంటలుగా మేం ముగ్గురం ఒకే సీటులో ఉన్నాం. కిటికీ దగ్గర నలభై ఏళ్ళావిడ, మధ్యలో నల్ల కళ్ళద్దాల మనిషి, ఈ చివర నేను. ఆవిడ కాళ్ళ దగ్గర గుడ్డ సంచీ ఒకటుంది. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా అందులో ఏదో టక్కుమనేది. ఆవిడ ఒళ్ళో కాగితాలు పెట్టుకుని ప్రశ్నలు చదువుతోంది, ఆయన జవాబులు చెబుతున్నాడు.

“ఆఫీసులో పాత ఫైలు ఎన్నేళ్ళు ఉంచాలి?”

“దుమ్ము పట్టేదాకా.”

“సరిగా చెప్పు తమ్ముడూ.”

“మూడేళ్ళు.”

“అయిదు.”

“మా ఆస్పత్రిలో ఎలకలు ఏడాదికే తినేస్తాయక్కా. రెండూ కలిపి సగటు చెప్పాను.”

ఆవిడ నవ్వలేదు. కోప్పడనూ లేదు. కాగితం తిప్పింది.

ఆయన తల నావైపు వంచాడు. “పెద్దాయనా, మీరు పేజీ తిప్పి పావుగంటయింది. పుస్తకం బాగాలేదా, మా గోల బాగుందా?”

“మీ గోలే బాగుంది,” అన్నాను.

తన సంగతి చెప్పాడు. ఆస్పత్రి టెలిఫోను దగ్గర కూర్చుంటాడు. పదకొండేళ్ళుగా తాత్కాలికమే. ఈ రోజు పది గంటలకు రాసే పరీక్ష గట్టెక్కితే ఉద్యోగం ఖాయమవుతుంది. వచ్చే నెలతో వయసు దాటిపోతుంది. “నేను చెబుతాను, మా రాతక్క రాస్తుంది. రెండుసార్లు తప్పాను. తప్పు నా నోటిదే, ఆవిడ చేతిది కాదు.”

చూపు లేనివాళ్ళు చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషిని స్క్రైబు అంటారు. ఊళ్ళో ఆ మాట ఎవరికీ నోరు తిరగక ఆవిడని రాతక్క అన్నారు. పెద్దవాళ్ళు కూడా రాతక్కే అంటారట.

గేటు ఇప్పట్లో లేవదని తేలాక ఆవిడా దిగింది. టెలిఫోనాయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, రికార్డు చేసుకున్న పాఠాలు వింటూ లోపలే ఉండిపోయాడు. ఆవిడ సంచీ భుజాన వేసుకుని నా పక్కన నిలబడింది. నా చేతిలో పుస్తకాన్ని, దాని అంచుల్లో నేను పెన్సిలుతో రాసుకున్న రాతనీ చాలాసేపు చూసింది.

“రాత బాగుందండీ. ఎంతవరకు చదువుకున్నారు బాబాయ్ గారూ?”

“పదో తరగతి తప్పాను. ఆ తర్వాత చదివిందంతా రైళ్ళలోనే.”

ఆవిడ నాకు కాక గేటుకి చెబుతున్నట్టుగా చెప్పడం మొదలుపెట్టింది.

తల్లి ఒక హాస్టలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. తండ్రి సంగతి రాలేదు, నేనడగలేదు. పిల్ల ఇస్త్రీ బల్ల కింద కూర్చుని చదువుకునేది. ఆ వేడికి పుస్తకాల అట్టలు వంకర తిరిగేవట. క్లాసులో ఎప్పుడూ తనే ఫస్టు. కాలేజీలో లెక్చరరు కావాలన్నది కోరిక. సుద్దముక్క పట్టుకుని బోర్డు ఈ చివర్నించి ఆ చివరికి నడుస్తూ రాయాలి. “ఆ నడక కావాలనిపించేదండీ. పాఠం సంగతి తర్వాత.”

డిగ్రీ రెండో ఏట విద్యార్థి సేవా విభాగం వాళ్ళు నోటీసు పెట్టారు. ఊరికి పనికొచ్చే ప్రాజెక్టు ఒకటి ఆలోచించి ఏడాది నడిపిన వాళ్ళకి పై చదువుకి సిఫారసు ఉత్తరం ఇస్తారు. లెక్చరరు కావాలంటే పై చదువు కావాలి, పై చదువు కావాలంటే ఆ ఉత్తరం కావాలి.

“సేవ అని కాదండీ. ఉత్తరం కోసమే.”

ప్రాజెక్టు వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆ ఏడు పరీక్షలప్పుడు, చూపులేని అమ్మాయి ఒకతి హాలు బయట బెంచీ మీద మూడు గంటలూ కూర్చుని వెళ్ళిపోవడం చూసింది. జవాబులన్నీ ఆ పిల్ల తలలో ఉన్నాయి. రాస్తానన్న మనిషి రాలేదు. ఆ పూటే ఒకటిన్నర పేజీ రాసి ఆఫీసులో ఇచ్చింది: చెయ్యి దొరక్క ఎవరూ పరీక్ష హాలు గుమ్మంలోంచి వెనక్కి పోకూడదు. తనతో కలిపి పదకొండుమంది చేరారు. పోస్టరు అచ్చువేశారు. కింద ఫోను నంబరుండాలన్నారు. మా ఇంట్లో తిడతారంటే మా ఇంట్లో తిడతారని పదిమందీ తప్పుకున్నారు. ఈవిడ తన నంబరిచ్చింది.

శిక్షణా ఈవిడే ఇచ్చింది. ప్రశ్న రెండుసార్లు చదవాలి, రెండుసార్లూ ఒకే గొంతుతో. నిట్టూర్చకూడదు, కుర్చీ కదపకూడదు. తప్పు జవాబు విన్నప్పుడు కలం ఆగకూడదు, ఆగితే వాళ్ళకి తెలిసిపోతుంది. దీనికో ఆట కనిపెట్టింది. ఒకరు “సూర్యుడు పడమర ఉదయిస్తాడు” అంటుంటే, ఎదుటివాళ్ళు మొహంలో ఏదీ కదలనివ్వకుండా వందసార్లు రాయాలి. మొదటిరోజు అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నెల తిరిగేసరికి ఎవరూ నవ్వలేదు.

“అంతేనండీ శిక్షణ. లోపల ఏమున్నా బయటికి రాకుండా చేసుకోవడం. నాకు బాగా వచ్చేసింది.”

ప్రాజెక్టు గెలిచింది. ఫొటో తీసి నోటీసు బోర్డులో పెట్టారు. సిఫారసు ఉత్తరం కూడా వచ్చింది. ఇంకా ఆవిడ దగ్గరే ఉంది.

చివరి ఏడు, చివరి పేపరు స్టాటిస్టిక్స్. పొద్దున్నే ఫోను మోగింది. పదకొండుమందిలో ఒకతికి జ్వరం, ఆ పిల్ల రాసిపెట్టాల్సిన అభ్యర్థి హాలు ముందు నిలబడి ఉంది. తన పేపరు ఆరునెలల్లో మళ్ళీ వస్తుంది కదా అనుకుని ఈవిడ అక్కడికి వెళ్ళింది.

ఆరునెలలు గడిచేలోపు నిబంధన ఒకటి అడ్డం తిరిగింది. రాసిపెట్టే మనిషి చదువు, పరీక్ష స్థాయికి ఒక మెట్టు తక్కువుండాలి. లేకపోతే తనే జవాబులు చెప్పేస్తాడని అనుమానం. మిగతా పదిమందికీ డిగ్రీ చేతికొచ్చింది, దాంతో పదిమందీ పనికిరాకుండా పోయారు. కింది క్లాసుల పిల్లలు వేరే ప్రాజెక్టు పెట్టుకున్నారు, మొక్కలు నాటడం. ప్రాజెక్టన్నాక ఏటా కొత్తది ఉండాలట. ఒక్క పేపరు మిగలబట్టి పనికొచ్చే చెయ్యి ఈవిడదొక్కటే అయింది. పోస్టరు మీద నంబరు కూడా ఈవిడదే. ఫోను మోగుతూనే ఉంది.

ఆరునెలలు పందొమ్మిదేళ్ళయ్యాయి. బతుకుతెరువు ఒక ల్యాబులో, రక్తం సీసాలకి చీటీలు రాయడం. సెలవు రోజుల్లో పరీక్షలు. బ్యాంకువి, రైల్వేవి, కోర్టువి.

“లెక్చరరు పరీక్షలు కూడా రాశానండీ. ఇద్దరికి. ఇద్దరూ పాసయ్యారు,” అంది, ఆకాశం మబ్బు పట్టిందని చెప్పినట్టు.

నాకో సంగతి గుర్తొచ్చి, ఊరుకోలేక చెప్పాను. తపాలా ఆఫీసు అరుగు మీద కూర్చుని చదువురానివాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టే ముసలాయన ఒకాయన నాకొకప్పుడు తెలుసు. ఊరి వాళ్ళ ప్రేమలూ చావులూ రాసీరాసీ, చివరికి తన భార్యకి రాసిన ఉత్తరం కింద కూడా సంతకం బదులు అలవాటుగా వేలిముద్ర వేశాడు.

“వేశాక చూసుకున్నాడా?”

“లేదు. భార్య చూసింది.”

“నా దగ్గర చూసేవాళ్ళు లేరు,” అంది.

తర్వాత ఒకామె సంగతి చెప్పింది. ఏడేళ్ళయిందట. ఆమెకది ఆఖరి ప్రయత్నం. “ఒక జవాబు తప్పు చెప్పింది. నాకు తెలుసు. చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక్క మార్కుతో పోయింది. తర్వాత బజార్లో కనబడి నా చెయ్యి పట్టుకుంది, ఎంత బాగా రాశావక్కా, కలం ఎక్కడా ఆగలేదు అంది. ఇంటికెళ్ళి అద్దంలో చూసుకున్నాను. మొహంలో ఏమీ లేదు. ఏడుపొస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. లేచి గిన్నెలు తోముకున్నాను. అప్పట్నించీ అంతేనండీ. ఆకలేస్తే తెలుస్తుంది. మిగతావి తెలియవు.”

కుడిచేతి చూపుడువేలూ బొటనవేలూ ఒకదాంతో ఒకటి రుద్దుకుంది. వాటికి స్పర్శ పోయిందట. నరం నొక్కుకుందన్నాడట డాక్టరు. కలం జారిపోతే చప్పుడు విని తెలుసుకుంటుంది.

రెండో బండి వచ్చింది, ప్యాసింజరు. కిటికీల్లోంచి జనం మమ్మల్ని చూశారు, మేం వాళ్ళని చూశాం. అది పోయినా గేటు లేవలేదు. డ్రైవరు గేటు మనిషితో ఏదో వాదనలో ఉన్నాడు.

అప్పుడు సంచీ తెరిచింది. అందులో రెండు పరీక్ష అట్టలున్నాయి. దారి పొడుగునా టక్కుమన్నవి వాటి క్లిప్పులే. ఒకదానికి టెలిఫోనాయన హాల్ టికెట్టు, రెండోదానికి ఆవిడదే. స్టాటిస్టిక్స్. పాత సిలబస్ వాళ్ళకి ఇదే ఆఖరి అవకాశమని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వస్తే, ఎందుకో తనకే తెలియకుండా దరఖాస్తు పెట్టింది. తేదీ చూస్తే ఈ రోజు. ఊరదే. గంటా అదే, పది. ఈ పేపరు గట్టెక్కితే డిగ్రీ వస్తుంది. వస్తే ఇక ఎవరికీ రాయకూడదు.

“ఆయనకి చెప్పారా?”

“లేదు. అతని పరీక్షకే వెళ్తున్నానండీ. ఇది ఊరికే సంచీలో పడేసుకున్నాను.”

“ఊరికేనా?”

ఆవిడ గేటు వైపే చూస్తూ ఉంది. “లెక్చరరు కావాలని నాకిప్పుడు లేదు. నిజంగానే లేదండీ. కానీ అది కావాలనుకున్న పిల్ల ఒకతి ఉండేది కదా. అందర్నీ హాలు దాకా తీసుకెళ్ళాను. దాన్ని తీసుకెళ్ళేవాళ్ళు లేకపోయారు.”

ఆవిడ నా చేతిలో పుస్తకం మళ్ళీ చూసింది.

“గుర్తింపు కార్డు ఉందా బాబాయ్ గారూ?”

“ఉంది. ఎందుకు?”

“స్క్రైబుని చివరి నిమిషంలో మార్చుకోవచ్చు. ఫారం ఉంటుంది. నా దగ్గర ఎప్పుడూ ఖాళీది ఒకటుంటుంది. చదువు తక్కువుండాలి, అంతే.”

“జీవితంలో మొదటిసారి నా చదువు సరిపోయింది,” అన్నాను. నవ్విద్దామనే అన్నాను. ఆమె తన అట్ట తీసి, దానికి తెల్లకాగితం పెట్టి నా చేతికిచ్చింది.

“రాయండి. సూర్యుడు పడమర ఉదయిస్తాడు.”

రాశాను. “ఇంకోసారి,” అంది. రాశాను. మూడోసారికి నోరు ఊరుకోలేదు. “నిజానికి కొన్ని గ్రహాల మీద...” అని మొదలుపెట్టాను.

“మాట్లాడకండి. రాయండి.”

ఇరవై సార్లు రాయించింది. బస్సుకి ఆనించిన అట్ట మీద, ఎండలో నిలబడి రాశాను. ఆమె నా రాత చూడలేదు, మొహమే చూసింది. పద్దెనిమిదోసారికి నాకు సూర్యుడూ లేడు, పడమరా లేదు, అక్షరాలే ఉన్నాయి.

“చాలు,” అంది. “అదీ.”

గేటు లేచింది. ఎక్కి కూర్చున్నాం. బస్సు కదిలాక ఆవిడ ఆయన చెవిలోంచి ఇయర్‌ఫోను తీసింది.

“తమ్ముడూ, ఈ పూట ఈయన రాస్తారు. నీకిష్టమైతేనే. లేదంటే నేనే రాస్తాను.”

ఆయన రెండో ఇయర్‌ఫోను కూడా తీసి, చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఒక చిన్న వంతెన దాటాం. టక్, టక్ మంది సంచీ.

“పెద్దాయనా,” అన్నాడు నాతో, “సూర్యుడు ఎక్కడ ఉదయిస్తాడు?”

“పడమర.”

“ఖాయంగానా?”

“మీరు చెప్పిందే ఖాయం.”

“అయితే సరేనక్కా.”

ఆవిడ ఫారం తీసి బస్సు కుదుపుల మధ్యే నింపింది. ఒక్క అక్షరం వంకరపోలేదు. కలం ఒకసారి జారి కింద పడింది. చప్పుడు విని వంగి తీసుకుంది. ఆ తర్వాత బస్టాండు దాకా మిగిలిన ప్రశ్నలు అడుగుతూనే ఉంది. యాభై ఎనిమిదోది, యాభై తొమ్మిదోది. ఆయన వేళాకోళం లేకుండా జవాబులు చెప్పాడు.

తొమ్మిదింబావుకి దిగాం. బస్టాండు బయట రోడ్డు రెండుగా చీలింది. కుడివైపు బోర్డు మీద టెలిఫోనాయన పరీక్ష కేంద్రం పేరుంది. ఎడమవైపు కాలేజీ. ఆవిడ ఆయన చెయ్యి తీసి నా మోచేతి మీద పెట్టింది. ఆ వేళ్ళని ఒకసారి సర్దింది, మరీ గట్టిగా కాదు, మరీ వదులుగా కాదు. అట్ట, ఫారం, రెండు కలాలు నాకిచ్చింది.

“ప్రశ్న రెండుసార్లు చదవాలి.”

“చదువుతాను.”

“రెండుసార్లూ ఒకేలా.”

నేను కలాలు జేబులో పెట్టుకుని తలెత్తేసరికి పక్కన లేదు.

“వెళ్ళిపోయిందా?” అన్నాడాయన.

“వెళ్ళారు.”

“చెప్పకుండానేనా?”

“చెప్పకుండానే.”

“పోనీలెండి. ఆ సంచీలో రెండు అట్టలున్నాయని బస్సెక్కినప్పుడే తెలుసు నాకు. ఒక అట్టయితే దేనికి తగిలి మోగుతుంది? తనే చెబుతుందని చూశాను.” మోచేతి మీద వేళ్ళు కాస్త బిగిశాయి. “ఎటెళ్తోంది?”

“ఎడమకి.”

“పరిగెడుతోందా?”

“లేదు. మామూలుగా నడుస్తున్నారు.”

ఖాళీ అయిన సంచీ ఇప్పుడు మోగడం లేదు. మిగిలిన ఒక్క అట్టనీ చంకలో పెట్టుకుని, కుడిచెయ్యి తడి దులుపుకున్నట్టు రెండుమూడుసార్లు విదిలించుకుంటూ, కాలేజీ గోడ వెంబడి ఈ చివర్నించి ఆ చివరికి నడిచి వెళ్ళింది. గేటు దగ్గర కూడా తిరిగి చూడలేదు.