తొంభై రెండు గొంతుల ఇంగ్లీషు

సుబ్బరాయులు ఇరవై రెండేళ్లుగా గుడియాత్తం బడిలో ఇంగ్లీషు చెబుతున్నాడు. గది ఒకటి, పుస్తకాలు ఏడు, ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం రాసే పిల్లలు తొంభై రెండు మంది. అందుకే పద్ధతీ ఒకటే: ముందుకొచ్చి నిలబడ్డవాళ్లు ఏమంటే పిల్లలంతా అదే తిరిగి అనాలి. పెంకుల కింది పిచ్చుకలన్నీ ఒక్కసారి లేచినట్టు ఇంగ్లీషు లేచేది, మగ్గాల చప్పుడులో కలిసి వీధి చివర వాలేది. అర్థం మాత్రం ఎవరి మీదా వాలేది కాదు.

యాభై మూడులో ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. గుడియాత్తం తమిళం వైపే మిగిలింది; పొలిమేరలోని పరదరామి ఊరు దాటితే ఆంధ్ర. కుర్చీలోంచి లేవకుండానే సుబ్బరాయులు పరదేశి అయిపోయాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే అయ్యవార్లను స్వదేశానికి సాగనంపాలని వేలూరు జిల్లా ఆఫీసులో ఏ పెద్దమనిషికో దయ పుట్టింది.

"నా దేశం యాడుండాదో వాళ్లకే తెలిసినట్టుండాది," అన్నాడు భార్య మునిరత్నమ్మతో. "తెలుగులో నా పేరు కూడా రాయలేనే! ఆడికి పోయి ఏం జేసేది?"

"ఒకటో క్లాసులో చేర్చుకుంటార్లే. పలక నేను కొనిస్తా," అందామె.

ఆయన్ను ఉంచాలో పంపాలో తేల్చడానికి ఇన్‌స్పెక్టరు జానకిరామన్ దిగాడు. ఇస్త్రీ కోటు, అంతకంటే బిగుసుకున్న తమిళం. క్లాసు ముందు నిలబడి ఇంగ్లీషులో అడిగాడు: "వాట్ ఈజ్ యువర్ నేమ్?"

"వాట్ ఈజ్ యువర్ నేమ్?" అన్నారు తొంభై రెండు మంది.

"సిట్ డౌన్!"

"సిట్ డౌన్!" అన్నారు. ఎవరూ కూర్చోలేదు.

ఇన్‌స్పెక్టరు మొహం కందిపోయింది. బిగుసుకున్న తమిళం పుటుక్కున తెగింది.

"ఏందప్పా ఇది! యాడ దొరికినార్రా నాకు ఈ కోతులు!"

అచ్చం మునిరత్నమ్మ తిట్టే తెలుగు. సుబ్బరాయులు గుండె ఆగింది. పిల్లలు ఆగలేదు. ఆ మాటను యాసతో, దీర్ఘంతో సహా వీధి చివరిదాకా పంపారు. ఇరవై రెండేళ్లలో ఏ పాఠమూ అంత శుద్ధంగా అప్పజెప్పింది లేదు.

జానకిరామన్ ముందు కిటికీలోంచి వీధిని చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అయ్యవారూ, మీది యా ఊరు?"

"లత్తేరి సార్, ఈ పక్కే. తెలుగు ఇంట్లో మాటే, చదవను రాదు. తమరిది?"

"ఒడుగత్తూరు దగ్గర. అదీ ఈ పక్కే."

ఇన్‌స్పెక్టరు వెంటనే కలం తీశాడు. ఈ క్లాసుకు ఈయన తప్ప మరొకరు పనికిరారనీ, ఇంట్లో ఏం మాట్లాడతారని అయ్యవార్లను అడగడం మర్యాద కాదనీ రాసేశాడు.

"మీరు ఈడనే ఉండండి సామీ. మిమ్మల్ని పంపితే రేపు నన్నూ పంపుతారు," అన్నాడు గుసగుసగా. "నాకూ తెలుగు చదవను రాదు."

"నాకూ తెలుగు చదవను రాదు," అన్నారు తొంభై రెండు మంది, గుసగుసగానే.

ఆ ఒక్కటి మాత్రం అర్థం తెలిసే అన్నారు.