నీలంగా నిలిచిన మూడు ఉదయాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కాఫీ పొయ్యి కంటే ముందు స్పిరిట్ దీపం వెలిగేది. చిక్కపేటలో బట్టల కొట్టు నడిపే మా తాతయ్యకు చాలా ఏళ్ళుగా చక్కెర జబ్బు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే పక్కింటి అక్క డ్యూటీకి వెళ్ళేముందు వచ్చి, ఆయన సీసాలో పట్టి ఉంచిన మూత్రం కొన్ని చుక్కలు, చక్కెరను పట్టిచ్చే నీలిమందులో కలిపి గాజు గొట్టంలో కాచేది. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఇటుక రంగుకు తిరిగితే చక్కెర ఎక్కువగా ఉన్నట్టు. సూదిమందు కొలత దాన్నిబట్టే.

ఆ ఏడు ఆయన పాదాలు వాచాయి. తగ్గకపోతే ఆసుపత్రిలో చేర్చాలన్నాడు డాక్టరు. తాతయ్య అన్నగారు అదే జబ్బుతో ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. ఒకరోజు తెల్లవారగానే తాతయ్య నన్ను పెరట్లోకి పిలిచి ఖాళీ సీసా చేతిలో పెట్టాడు.

"పాపా, ఇందులో నువ్వు పోసియ్యి. ఎవురికీ చెప్పగూడదు."

ఆయనకు సాయం చేస్తున్నానని నాకు ఎంత గర్వమో!

మూడు ఉదయాలు గొట్టం నీలంగా నిలిచింది. అవ్వ కొబ్బరికాయ కొట్టింది. మందు తగ్గించవచ్చేమో డాక్టరును అడుగుతానంది అక్క. నాలుగో రోజు మాత్రం ఆమె తాతయ్య చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది, ఎంతకీ పూడలేదు. ఆమె గొట్టం వంక చూసింది. తలుపు చాటు నుంచి తొంగిచూస్తున్న నా వంక చూసింది.

"తాతా, మీ మనవరాలికి ఏ జబ్బూ లేదప్పా. సీసా చెప్తా ఉండాది."

తాతయ్య తల దించుకున్నాడు. నేను ఏడుపు అందుకున్నాను. అక్క ఎవరినీ తిట్టలేదు. ఈసారి ఆయన మూత్రమే పట్టించి రెండు గొట్టాల్లో కాచింది. నీలిమందు కలిపింది ఇటుక రంగయింది. మందు కలపనిది తెల్లగా మసకబారింది.

"మీకు బట్ట తెలుసు గదా తాతా. ఇన్నేళ్ళ చక్కెరకి మూత్రపిండాల్లో వడపోసే బట్ట నేత వదులైపోయింది. ఒంట్లో నిలవాల్సిన సత్తువ ఇట్ల తెల్లగా జారిపోతా ఉండాది, అందుకే ఈ వాపు."

"దారం పెట్టి రఫ్ఫు చేసేకి కాదా?"

"కాదు. ఇంకా చినగకుండా చూసుకోవచ్చు. ఉప్పు తగ్గించల్ల, చక్కెర అదుపులో పెట్టల్ల."

"ఆసుపత్రికి పంపిస్తారని భయమమ్మా," అన్నాడాయన.

అక్క ఆయన పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. "ఇంట్లో చూసుకోవల్లంటేనే నాకు నిజం కావల్ల."

ఆ రోజే నాకో పని అప్పజెప్పింది. రోజూ తాతయ్య చీలమండ మీద నొక్కి, గుంట పూడేదాకా అంకెలు లెక్కపెట్టాలి. ఒక్కోరోజు ఐదుకే పూడేది, ఒక్కోరోజు ఇరవై దాటేది. ఊరగాయ జాడీ అటకెక్కింది. ఉప్పు లేని కూరను తాతయ్య తిట్టుకుంటూనే తినేవాడు. గొట్టం ఎర్రబడిన రోజున "ఈ పొద్దు ఇటుకే" అని తనే కేకేసి చెప్పేవాడు. జబ్బు పోలేదు. కానీ ఇంకో మూడేళ్ళు ఆయన తన మంచం మీదే, మా మధ్యనే ఉన్నాడు.

ఇప్పుడు నాకూ ఒక బిడ్డ. వాడి ఒళ్ళు కాస్త వెచ్చబడినా నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఇందాక వాడి చంకలోంచి తీసిన థర్మామీటరును చూడకుండానే దులిపేయబోయాను. ఆ రోజు తాతయ్య ఖాళీ సీసా నా చేతిలో ఎందుకు పెట్టాడో అప్పుడు తెలిసింది.

థర్మామీటరును దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూశాను.