మా కుక్క కడుపు, మా అత్తమ్మ ప్రార్థన

మా కుక్క కడుపు సంగతి మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. పొద్దున్నే గేటు తీసి దాన్ని బయటికి తీసుకుపోతుంటే, ఎదురింటి అక్క చీపురు చేతిలో పట్టుకుని, "ఇయ్యాల ఎట్లున్నది?" అని అడిగేది. నా ఆరోగ్యం గురించి ఆమె ఎన్నడూ అడగలేదు. "గట్టిగనే ఉన్నది" అని చెప్పిన రోజున ఆమె ముఖం విప్పారేది. గట్టిగా లేని రోజున అది సరిగ్గా ఆమె ముగ్గు దగ్గరే ఆగేది మరి.

దానికి పేరు లేదు. "అరేయ్" అంటే వస్తుంది. మా అత్తమ్మ తన కొడుకును కూడా అట్లాగే పిలుస్తుంది కాబట్టి ఒక్కోసారి ఇద్దరూ వచ్చి నిలబడేవాళ్ళు. గోధుమరంగు వీధికుక్క. మా మామయ్య పోయిన మరుసటి వానాకాలం, గుప్పెడంత పిల్లగా ఉన్నప్పుడు, ఎవరూ పిలవకుండానే ఇంట్లోకి వచ్చి అత్తమ్మ ఒళ్ళో ఉన్న బీడీల చాటలో పడుకుంది. ఆమె దాన్ని రెండుసార్లు దించింది, మూడోసారి దించలేదు.

మా అత్తమ్మ బీడీలు చేస్తుంది. మా చర్చి సంఘంలో కొందరికి అది నచ్చదు. పొగాకు పని విశ్వాసులకు తగునా అని ఒకావిడ అడిగితే, "తాగెటోని పాపం తాగెటోనిది. నేను చేస్తున్న, తాగుతలేను" అని ఆకు కత్తిరిస్తూనే చెప్పింది. ముందుగదిలో గోడకు ఆనుకుని కూర్చుంటే, పొద్దుగూకేదాకా చేతులు ఆగవు. ఆ చేతులతోపాటు నోరు కూడా. కుక్క పక్కన చాప మీద పడుకుని వింటుంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో మా మామయ్య డ్యూటీ దిగి వస్తే చొక్కాకు ఎట్లా బెల్లం వాసన వచ్చేదో, చీమలు ఆ చొక్కాను ఎట్లా పట్టేవో, ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన ఎన్నాళ్ళు ఉత్తపుణ్యానికే పొద్దున లేచి కూర్చునేవాడో, అన్నీ దానికే చెప్పేది. నాతో ఆమె మాటలు మూడే. అన్నమైందా, నల్లా వచ్చిందా, బస్సు దొరికిందా. పెళ్ళై వచ్చి ఎనిమిదేళ్ళయినా నాలుగో మాట పుట్టలేదు.

నేను బోధన్‌లో ఒక చిన్న దవాఖానలో నర్సును. రోజూ నిజామాబాద్ నుంచి బస్సులో పోయివస్తాను. ఏం తినాలో, ఏం తినకూడదో రోగులకు చెప్పడం నా పనిలో భాగం. చెప్పడం నాకు బాగా వచ్చు. విన్నందుకు మాత్రం నన్ను ఎవరూ మెచ్చుకున్నట్టు గుర్తు లేదు.

దసరా దాటాక కుక్కకు విరేచనాలు మొదలయ్యాయి. రెండు రోజులు బాగుండేది, మూడో రోజు కడుపులో గుడగుడ. పశువుల దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు ఎక్కువగా బర్రెలను, మేకలను చూసే మనిషి. కుక్క పొట్ట నొక్కి చూసి, "ఏమేం తింటది?" అని అడిగాడు. మా అత్తమ్మ చాయ్ తాగేటప్పుడు బిస్కెట్ విరిచి, సగం తాను తిని, సగం చాయ్‌లో ముంచి దీనికి పెడుతుందని చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతులో కొంచెం సంతోషం ఉందేమో కూడా.

"పాలు దీనికి పడుతలెవ్వు" అన్నాడు. "చాయ్ బంద్. పాలు, పెరుగు, పాల వస్తువు ఏదీ వద్దు. ఉప్పూ కారం లేకుండ అన్నం, ఉడకబెట్టిన కోడి. పొద్దున ఒక గోలీ, సాయంత్రం ఒక గోలీ."

ఇంటికి వచ్చి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఇంట్లో ఉన్నది ముగ్గురం. ఇద్దరినీ నిలబెట్టి చదివి వినిపించాను. "దవాఖాన ఇంటికే తెచ్చినవా?" అన్నాడు మా ఆయన.  ఆ సాయంత్రం నుంచి అత్తమ్మ చాయ్ తాగుతుంటే కుక్క ఆశగా చూసేది, ఆమె తల తిప్పుకునేది.

ఇక గోలీ మింగించడం ఒక యుద్ధం. అన్నంలో కలిపితే అన్నమంతా తిని, గోలీని శుభ్రంగా నాకి పళ్ళెం అంచున పెట్టేది. నోరు తెరిచి వేస్తే, నేను చేతులు కడుక్కుని వచ్చేలోపు మంచం కింద ఉమ్మేసేది. మూడో రోజు నాకు ఉపాయం తట్టింది. బోధన్ బస్టాండు దగ్గర ఒక దుకాణంలో మెత్తటి కోవా దొరుకుతుంది. ఉసిరికాయంత ముద్ద చేసి, నడుమ గోలీ పెట్టి ఇస్తే గుటుక్కున మింగి, ఇంకోటి ఉందా అన్నట్టు నా చేతిని చూసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. రెండు పూటలా నేనే ఇచ్చేదాన్ని. మా ఆయనకు అప్పగిస్తే ఆ కోవా ఎటు పోతుందో నాకు తెలుసు.

అయినా కడుపు నిలవలేదు. డాక్టరు గోలీలు మార్చాడు. మళ్ళీ మార్చాడు. ఎదురింటి అక్క ముగ్గు చోటు మార్చింది. నెల గడిచేసరికి కుక్కకు పక్కటెముకలు తేలాయి. నాకు అనుమానం మొదలైంది. నర్సుకు అనుమానం వస్తే చాలా పద్ధతిగా వస్తుంది. మొదట పొగాకు పొడి నాకుతోందేమో అనుకున్నాను. తర్వాత మా ఆయన్ను అనుమానించాను గానీ, ఆ మనిషి తన పళ్ళెంలోది ఇంకొకరికి పెట్టే రకం కాదు. ఇక మిగిలింది ఒక్కరే.

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి అత్తమ్మ విప్పిన చీరను నేను మడతపెడుతుంటే కొంగు ముడిలోంచి బిస్కెట్ రాలింది. సగం బిస్కెట్. ముడి విప్పితే ఇంకో మూడు సగాలు.

"ఇయ్యేంది అత్తమ్మా? దానికి ఇంక పెడుతనే ఉన్నవా?" అన్నాను. నా గొంతు వార్డులో ఉన్నట్టే లేచింది.

"పెడుతలేను బిడ్డా. సగం ఇరుసుడు అలవాటైంది. రెండో సగం నాకు తినబుద్ధి కాదు. ముడి ఏస్తున్న. గంతే."

బిస్కెట్ సగాలు కొంగున ముడివేసుకునే మనిషి ఎక్కడైనా ఉంటుందా? నేను నమ్మలేదు. "పానం తీస్తవా దానిది?" అనేశాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అత్త మీది కోపం దుత్త మీద చూపిస్తారంటారు. నేను కుక్క మీద చూపించాను. దాన్ని తీసుకుపోయి పెరట్లో కట్టేశాను. ముందుగదిలోకి రాకుండా తలుపు వేశాను.

ఆ తర్వాత ముందుగది చప్పుడు లేకుండా పోయింది. కత్తెర చప్పుడు మాత్రం వినిపించేది. ఒక పొద్దున నేను చెప్పులు వేసుకుంటూ చూశాను. అత్తమ్మ ఏదో చెప్పబోయి, నవ్వు ముఖంతో పక్కకు తిరిగి, ఖాళీ చాపను చూసి నోరు మూసుకుంది. వేసుకున్న చెప్పు విప్పబోయాను. కానీ బస్సు టైమైంది, వెళ్ళిపోయాను. పెరట్లో కుక్క కూడా అట్లాగే నోరు మూసుకుని పడి ఉంది. కడుపు మాత్రం మారలేదు. ఆమె దొంగచాటుగా పెరట్లోకి పోతోందని నిర్ధారించుకున్నాను. పట్టుకోవడం ఒక్కటే మిగిలింది.

గురువారం మా ఇంట్లో స్త్రీల కూటం. పది పన్నెండు మంది వచ్చారు. ప్రార్థన అంశాలు ఏమైనా ఉన్నాయా అని పాస్టరమ్మ అడిగింది. ఒకామె కొడుకు దుబాయి వీసా అంది, ఒకామె మోకాళ్ళ నొప్పులంది. మా అత్తమ్మ ఎప్పుడూ ఏమీ అడగదు. ఆ రోజు లేచి నిలబడింది.

"నా మీద నింద వడ్డది. నేనే ప్రార్థన జేస్త" అని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఈ ఇంట్ల కుక్కకు కడుపు పాడైతున్నది. దానికి ఎవలు ఏం పెడుతున్నరో నీకెరుక. నేనైతే నన్ను పట్టియ్యి. నేను కాకుంటే ఆళ్ళను పట్టియ్యి. నాకు వయసైంది, దినాలు ఎక్కువ తీసుకోకు."

ఎదురింటి అక్క మా సంఘం కాదు, అయినా కూటానికి వచ్చి వెనక కూర్చుంది. ఆమె కూడా చేతులు జోడించింది. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేను.

మర్నాడే మా అమ్మకు కంటి ఆపరేషన్ ఉందని వేల్పూర్ వెళ్ళి నాలుగు రోజులు ఉన్నాను. రోజూ మా ఆయనకు ఫోన్ చేసి మొదట కుక్క సంగతే అడిగేదాన్ని. రెండో రోజు నుంచి, "ఏందో గని గట్టిగైంది" అన్నాడు. నేను గెలిచాననుకున్నాను. "సూసినవా అమ్మా, ప్రార్థనకు భయపడి పెట్టుడు మానేసింది" అన్నాను. కంటికి కట్టుతో పడుకున్న మా అమ్మ, "నువ్వు ఇంట్ల లేకుంటె బాగైంది అంటున్నవ్ గద. ఇంకోపారి ఆలోచన జెయ్యి" అంది. మత్తు ఇంకా దిగలేదనుకున్నాను.

తిరిగొచ్చాను. వచ్చేటప్పుడు బోధన్ నుంచి వచ్చే తోటి నర్సుతో కోవా కూడా తెప్పించుకున్నాను. రెండు రోజులకు ఎదురింటి అక్క ముగ్గు మళ్ళీ పాడైంది.

ఆ రోజు సెలవు పెట్టి కుక్కను ఆటోలో వేసుకుని డాక్టరు దగ్గరికి పోయాను. నేను రాసుకున్న కాగితాలన్నీ ముందు పెట్టాను. ఏ రోజు ఎన్నిసార్లు, ఏ రంగు, అన్నీ. ఆయన ఓపికగా చూసి, "మీరు లేని నాలుగు దినాలు గోలీలు ఎవలిచ్చిండ్రు?" అన్నాడు.

"మా ఆయన. గోలీని కోడి ముక్కల పెట్టి ఇచ్చిండట."

"మీరెట్ల ఇస్తరు?"

"కోవాల పెట్టి."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "కోవా దేంతోని చేస్తరమ్మా?"

"పాలతో" అన్నాను. అన్నాక విన్నాను. మా వెనక మేకను పట్టుకుని నిలబడ్డ పెద్దాయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. మేక కూడా నన్నే చూస్తోంది. ఫ్రిజ్ మీద పాల వస్తువు ఏదీ వద్దని రాసి, అదే ఫ్రిజ్‌లో కోవా దాచి, పొద్దునా సాయంత్రం కొలిచినట్టు తినిపించాను. నా దృష్టిలో అది మందు, తిండి కాదు. తిండి మా అత్తమ్మ పెట్టేది.

ఆటోలో వస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. ఎవరికీ చెప్పక్కర్లేదు. కోవా మానేస్తే సరి. కుక్క బాగవుతుంది, ప్రార్థన ఫలించిందని అందరూ అంటారు, నా పరువూ దక్కుతుంది. వీధి మలుపు దాకా ఆ ఆలోచన చాలా బాగుంది. గేటు తీసేసరికి అత్తమ్మ గడపలో నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. కుక్క వైపు చూసి, పెదాలు కదిలించి, మాట మింగేసింది. నా మీద నాకు అసహ్యం వేసింది.

మర్నాడు గురువారం, కూటం దాకా ఆగాను. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు ఎవరైనా చెబుతారా అని పాస్టరమ్మ అడగగానే లేచాను. 

"పోయిన వారం అత్తమ్మ చేసిన ప్రార్థనకు జవాబొచ్చింది. దొంగ దొరికింది. నేనే" అన్నాను. కోవా సంగతి మొత్తం చెప్పాను.  వెనక నుంచి ఎదురింటి అక్క "నా ముగ్గుల గతి గిదా!" అంది. ఇక ఆ నవ్వులు ఆగలేదు. అత్తమ్మ నవ్వలేదు. లేచి పెరట్లోకి పోయి, తాడు విప్పి, దాన్ని లోపలికి తెచ్చుకుంది.

అందరూ వెళ్ళాక నేను గిన్నెలు సర్దుతున్నాను. ముందుగదిలోంచి చాలా రోజుల తర్వాత మాట వినిపించింది.

"ఇన్నవారా? మీ అమ్మ అందరి ముందట లేసి చెప్పింది. మీ తాత నలభై ఏండ్ల కాపురంల ఒక్క తప్పు ఒప్పుకోలె. గీ పిల్లకు ధైర్యమున్నది. నోరు జర ఎక్కువ, గని మంచిదే." కత్తెర చప్పుడు. మళ్ళీ మాట. "దినాం బస్సుల నిలవడి పోతది. పాదాలు వాస్తున్నయి. రాత్రి ఉప్పు నీళ్ళ పెట్టుకుంటది, నేను సూస్తనే ఉన్న. జర కూసొమ్మను ఆమెను."

గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఇన్నేళ్ళుగా ఆ గదిలోంచి బయటికీ లోపలికీ నడుస్తూ, ఆమె కుక్కతో మాట్లాడుతోందనే అనుకున్నాను. నా గురించి ఎన్నిసార్లు ఏమేం చెప్పిందో, నేను చెప్పులు వేసుకునే తొందరలో ఎంత పోగొట్టుకున్నానో తలుచుకుంటే ఏడుపొచ్చింది.

వెళ్ళి చాప మీద కూర్చున్నాను. మా ఇద్దరి నడుమ కుక్క. అత్తమ్మ చాయ్ గ్లాసు పక్కన పెట్టి బిస్కెట్ విరిచింది. సగం తాను తింది. రెండో సగం చాయ్‌లో ముంచింది. కుక్క లేచి కూర్చుంది.

"నీకు కాదురా" అని, ఆ సగం దాని మీది నుంచి నా చేతికి ఇచ్చింది.