కుంటలోకి రాని వాన

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, ఒక జూన్ మొదటి వారంలో, నన్ను కళ్యాణదుర్గం వైపు కన్‌స్ట్రక్షన్ విభాగానికి ఏడీఈగా బదిలీ చేశారు. ఏడీఈ అంటే సహాయ డివిజనల్ ఇంజనీరు. కింద ఇద్దరు ఏఈలు (సహాయ ఇంజనీర్లు), ఒక లైన్ ఇన్‌స్పెక్టరు ఉంటారు. పైన డీఈ, అంటే డివిజనల్ ఇంజనీరు, ఉంటారు. అప్పటిదాకా నా ఉద్యోగంలో ఎక్కువ కాలం సబ్‌స్టేషన్లలోనే గడిచింది. లైన్లు వేయించిన అనుభవం ఉంది కానీ, గాలిమరల కరెంటు కోసం లైను వేయించడం అదే మొదటిసారి.

కుందుర్పి వైపు ఒక గుట్ట మీద ఒక ప్రైవేటు కంపెనీ గాలిమరలు నిలబెట్టింది. అక్కడి జనం వాటిని ఫ్యాన్లంటారు. నాకూ ఆ మాటే అలవాటైంది. మొదటి విడత ఫ్యాన్లు అప్పటికి రెండేళ్ళుగా తిరుగుతున్నాయి. రెండో విడత ఫ్యాన్ల కరెంటు మా సబ్‌స్టేషనుకు చేరాలంటే కొత్తగా ముప్పై మూడు కేవీ లైను కావాలి. లైను కంపెనీ కాంట్రాక్టరే వేస్తాడు. మేము దగ్గరుండి చూసి, అంతా నియమాల ప్రకారం ఉందని ఏడీఈ సంతకం పెడితేనే అందులోకి కరెంటు వదులుతారు. దీన్ని మేము చార్జింగ్ అంటాం.

నేను వెళ్ళేసరికి ఐదు స్తంభాలు తప్ప అన్నీ నిలబడ్డాయి. ఆ ఐదూ గుట్ట కింది పల్లె పొలిమేరలో రావాలి. ఆ పల్లె పేరు ఇక్కడ రాయను. గుంతలు తవ్వారు కానీ ఊరివాళ్ళు స్తంభాలు దించనివ్వలేదు. హనుమక్క అనే గొర్రెల కాపరి, అరవై దాటిన మనిషి, ఒక గుంతలో దిగి కూర్చుని సాయంత్రం దాకా లేవలేదట. కంపెనీ వాళ్ళు ఆమె పేరూ, ఓబన్న అనే శెనక్కాయ రైతు పేరూ రాసి పోలీసులకు ఫిర్యాదు సిద్ధం చేశారు.

డీఈ నన్ను పిలిచి విషయం సూటిగా చెప్పారు. వారంలోగా ఊరివాళ్ళను ఒప్పించాలి. లేకపోతే పోలీసు బందోబస్తు కోరుతూ ఉత్తరం వెళుతుంది, ఫిర్యాదు కేసవుతుంది. అభ్యంతరం ఏమిటని అడిగాను. ఫ్యాన్లు మబ్బులను తరిమేస్తున్నాయని వాళ్ళ నమ్మకమని చెప్పి ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడే బయలుదేరాను. ఆ ఏడాదే మా ఆఫీసుకు ఒక ఎలక్ట్రిక్ కారు అద్దెకు పెట్టారు. పల్లెలో దిగేసరికి నలుగురు దాని చుట్టూ చేరి, ఇది కూడా ఫ్యాన్ల కరెంటుతోనే పోతుందా అని మా లైన్ ఇన్‌స్పెక్టరు మాబూసాబును అడిగారు. పోవచ్చని ఆయన చెప్పాడు. హనుమక్కను నేను మొదట చూసింది అక్కడే. చేతిలో కర్ర, భుజాన కంబళి. కారును ముందు నుంచి వెనక దాకా చూసింది.

"సద్దే లేదు కదప్పా దీనికి. గొర్రెలు ఎట్ల పక్కకు జరుగుతాయి?" అంది.

మాబూసాబు అందరినీ పాఠశాల వైపు నడిపించాడు.

పాఠశాల వరండాలో సభ పెట్టాం. నేను నల్లబల్ల తెప్పించి బొమ్మ వేశాను. మబ్బులు (అక్కడి మాటలో మోడాలు) ఎంత ఎత్తులో ఉంటాయి, ఫ్యాను రెక్క ఎంత ఎత్తు దాకా పోతుంది, గాలి రెక్కను తిప్పితే కరెంటు ఎలా పుడుతుంది, అన్నీ వివరించాను. బొగ్గు కాల్చకుండా వచ్చే కరెంటు ఎందుకు అవసరమో కూడా చెప్పాను. మండల కార్యాలయంలో వాన కొలిచి రాసే రిజిస్టరు ఉంటుంది. దాని నకలు తీసుకెళ్ళాను. ఫ్యాన్లు వచ్చాక వాన తగ్గినట్టు అందులో ఎక్కడా లేదు. గంటసేపు మాట్లాడాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. బాగా చెప్పాననే అనుకున్నాను.

చివరికి ఓబన్న లేచాడు. "మేడమ్, కరెంటు వద్దని మేమెవరూ అన్లేదు. మా మోటర్లకు పగటి పూట ఇప్పుడొచ్చే కరెంటు ఇట్లాంటిదే అని చెప్తాండారు. మంచిదే. కానీ ఆ ఫ్యాన్లు ఏసినప్పట్నుంచి మా కుంట నిండలేదు. మోడాలు ఇట్లొచ్చి అట్ల పోతాండాయి. మీరు చెప్పేది బుక్కులో ఉండాది. మా కుంట ఆ బుక్కులో లేదు."

రిజిస్టరు చూపించి, వాన పడిందని ఇందులో స్పష్టంగా రాసి ఉందని అన్నాను. నా గొంతులో కొంచెం విసుగు ఉండి ఉంటుంది. అప్పుడు వెనక కూర్చున్న హనుమక్క మాట్లాడింది.

"వాన పడలేదని ఎవరన్నారమ్మా? పోయినేడు బాగనే పడె. మా కొట్టం గోడ ఆ వానకే కూలె. కుంటలోకి నీళ్ళు రాలేదు అంటాండాము."

అంతవరకు వచ్చిన కాగితాల్లో ఎక్కడా ఈ మాట లేదు. వాన పడింది, కుంట నిండలేదు. ఈ రెండూ ఒకేసారి నిజమైతే మబ్బులతో పని లేదు, నీళ్ళు దారిలో ఎక్కడో తప్పిపోయాయి. ఆ కుంటకు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయని అడిగాను. గుట్ట వెనక నుంచి వచ్చే వంక (చిన్న వాగు) ద్వారా అన్నారు. ఆ వంక మొదటి దాకా ఈ మధ్య ఎవరైనా పోయారా అంటే ఎవరూ పోలేదు. ఫ్యాన్లు వచ్చాక గుట్ట మీద కంపెనీ కాపలా పెట్టింది, గొర్రెలను పైకి రానివ్వరు. గొర్రెలు పోని చోటికి మనుషులు మాత్రం ఎందుకు పోతారు?

మర్నాడు పొద్దున హనుమక్క, ఓబన్న, మాబూసాబు, నేను కుంట దగ్గర మొదలుపెట్టి, ఎండిన వంక పట్టుకుని పైకి నడిచాం. కుంటలో నేల పలకలు పలకలుగా చీలి ఉంది. ఊళ్ళో గొర్రెలన్నిటికీ అదే నీరు. అది లేక రెండేళ్ళుగా మూడు మైళ్ళ అవతల వ్యవసాయ బోర్ల దగ్గరికి తోలుకుపోతున్నారట. బోరువాళ్ళు ఒకరోజు సరే అంటారు, ఒకరోజు తరిమేస్తారు. నిరుడు ఎండాకాలం అట్లా నడిపించడంలో తన ఈనిన గొర్రెలు నాలుగు దారిలోనే పడిపోయాయని హనుమక్క చెప్పింది. వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

గుట్ట మలుపులో కాపలావాడు ఆపాడు. నేను గుర్తింపు కార్డు చూపించి, లైను తనిఖీ అని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు. ఇంకో అరమైలు నడిచాక వంక ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎదురుగా నిలువెత్తు ఎర్రమట్టి కట్ట. పైన కంపెనీ రోడ్డు.

హనుమక్క కర్రతో ఆ మట్టిని పొడిచింది. "ఈడ వంక ఉండె. పిల్లప్పుడు ఈడ స్నానం చేసినాం. యాడ పోయె?"

కట్ట ఎక్కి అవతలి వైపు చూశాం. ఫ్యాను రెక్కలు చాలా పొడవు. వాటిని మోసుకొచ్చే లారీకి ఎత్తుపల్లాలు పనికిరావు. అందుకని వంకకు అడ్డంగా మట్టి పోసి రోడ్డు చదును చేశారు. నీళ్ళు పోవడానికి రెండు జానల వెడల్పు పైపు ఒకటి వేశారు, అదీ పూడిపోయి ఉంది. కట్టకు తగిలిన వాన నీరు రోడ్డు పక్క కాలువ పట్టుకుని, గుట్టకు అవతలి వైపు చవుడు నేలల్లోకి పోయింది. కోసుకుపోయిన జాడ స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

ఇక్కడ నా సంగతి కూడా రాయాలి. చార్జి తీసుకున్న వారంలోనే స్తంభాల తనిఖీకని ఆ రోడ్డు మీద నేను నాలుగైదుసార్లు కారులో పోయాను. రోడ్డు చక్కగా ఉందని అనుకున్నాను కూడా. కింద ఒక వంక ఉందని నాకు తెలియలేదు.

ఓబన్న ఆ కోసుకుపోయిన జాడ వెంట కొంత దూరం పోయి వచ్చాడు. తర్వాత, "రెండేండ్లు మేం మోడాల్ని తిట్టుకుంటా కూచున్నాం," అన్నాడు.

టేపుతో కట్ట పొడవు, ఎత్తు కొలిచాం. ఫోటోలు తీశాం. కాగితం మీద వంక, రోడ్డు, కుంట గీసి, ఆ సాయంత్రమే డీఈకి పంపాను. ఆయన ఫోను చేశారు. రోడ్డు మన పని కాదు, స్తంభాలే మన పని, మధ్యలో మీరెందుకు అన్నారు. ఆయన అన్నది రూలు ప్రకారం సరైనదే. నేను వాదించలేదు. కానీ ప్రతి వారం పంపే ప్రగతి నివేదికలో, పని ఆగిపోవడానికి కారణం అనే గడి ఒకటి ఉంటుంది. నాకు ముందున్న వాళ్ళు అందులో 'స్థానికుల వ్యతిరేకత' అని రాసేవారు. ఆ వారం నేను 'కంపెనీ రోడ్డు వల్ల వంక మూసుకుపోయి ఊరి కుంటకు నీరు రావడం లేదు. కల్వర్టు కట్టేదాకా పని సాగదు' అని రాసి, ఫోటోలు జతచేశాను. ఆ నివేదిక నకలు డీఈకి పైఅధికారి అయిన ఎస్‌ఈకీ, కలెక్టరు కార్యాలయానికీ మామూలుగానే పోతుంది. నేను ప్రత్యేకంగా ఎవరికీ పంపలేదు.

నివేదిక పోయిన మూడో రోజుకు కంపెనీ సైటు మేనేజరు వచ్చాడు. నడివయసు మనిషి, బయటి రాష్ట్రం వాడు. మొదట పైపు వేశాం కదా అన్నాడు. కట్ట దగ్గరికి తీసుకుపోయి చూపించాం. హనుమక్క ఆయన పక్కన నిలబడి, తెలుగు ఆయనకు అర్థమవుతుందో లేదో చూసుకోకుండా, "నీ ఫ్యాను నువ్వు తిప్పుకో సామీ. మా నీళ్ళు మాకు ఇడ్సు," అంది. మాబూసాబు హిందీలో చెప్పాడు. ఆ మనిషి తల ఊపాడు. లైను ఆలస్యమైతే తనకూ నష్టమేనని ఆయనకు తెలుసు. ఫిర్యాదు మానుకుంటామనీ, మట్టి తవ్వించి మనిషి నడిచేంత వెడల్పు సిమెంటు గొట్టాలు మూడు వేయిస్తామనీ కాగితం మీద రాసిచ్చాడు. గొట్టాలు కళ్ళతో చూశాకే స్తంభాలు దించనిస్తామని ఓబన్న అన్నాడు. అట్లాగే జరిగింది. ఇరవై రోజులు పట్టింది.

జూలై చివరికి ఐదు స్తంభాలూ నిలబడ్డాయి. తీగ లాగి, ఎర్తు తీగలు పరీక్షించి, నేను సంతకం పెట్టాను. చార్జింగ్ రోజు ఊరివాళ్ళు కొందరు సబ్‌స్టేషను దాకా వచ్చారు. హనుమక్క రాలేదు. గొర్రెలను వదిలి ఎట్లా వస్తుంది?

ఆగస్టులో రెండు మంచి వానలు పడ్డాయి. వేరే పని మీద అటు పోయినప్పుడు కుంట చూశాను. నిండలేదు, సగానికి కొంచెం పైన ఉంది. గట్టున గొర్రెలు నీళ్ళు తాగుతున్నాయి. హనుమక్క నన్ను చూసి, "వచ్చినావా," అని మాత్రం అంది. గట్టు మీదే ఉన్న ఓబన్నను ఇప్పుడేమంటావని అడిగాను.

"నీళ్ళొచ్చినాయి మేడమ్, కాదన్ను," అన్నాడు. "ఆ ఫ్యాన్లు లేకుంటే ఇంగా వచ్చుండు."

ఆయన నమ్మకం మారలేదు. నేను మార్చడానికి మళ్ళీ ప్రయత్నించలేదు కూడా. ఆ లైను ఇప్పటికీ నడుస్తోంది.

తర్వాత మూడేళ్ళలో సోలారు, గాలి పనుల మీద ఇంకా చాలా ఊళ్ళకు పోయాను. ప్రతిచోటా ఏదో ఒక అభ్యంతరం ఉండేది. కొన్ని శాస్త్రానికి నిలబడనివే. కొత్త కరెంటును జనం ఎందుకు కాదంటారని ఎవరైనా అడిగితే, తెలియకపోవడం వల్ల అని ఒకప్పుడు చెప్పేదాన్ని. అందుకే నల్లబల్లతో పోయేదాన్ని. ఈ పని తర్వాత పద్ధతి మార్చుకున్నాను. వాళ్ళు చెప్పే కారణం తప్పయినా, వాళ్ళు పోగొట్టుకున్నది నిజమై ఉండవచ్చు. ముందు అది ఏమిటో కనుక్కోవాలి. దానికి ఊరి మనిషితో కలిసి నడవాలి, కారు దిగి.