ట్రాక్టర్ చేతుల్లో కారు

ఆ రోజుల్లో కారు నడపడానికి ధైర్యం ఉంటే చాలని, అందులోని బటన్లు, గుబ్బలు అందానికి పెట్టినవని మా ఇంట్లో గట్టి నమ్మకం. ఆ రోజులంటే ఏ రాజుల కాలమో కాదు. నేను డిగ్రీ చదువుతున్నానని అందరూ అనుకుంటున్న కాలం, అంటే మొన్నమొన్నే. బిజినేపల్లి దగ్గర మా ఊళ్లో నాయినకు కొంత చెలక భూమి, ఒక పాత ట్రాక్టరు ఉండేవి. వనపర్తిలో ఇచ్చిన మా అక్కకు ఏడో నెల. తొలి కాన్పుకు బిడ్డను బస్సులో కాదు, సొంత బండిలోనే తెచ్చుకోవాలని నాయిన పట్టుబట్టి, నాగర్‌కర్నూల్‌లో ఒక సారు దగ్గర పాత కారు కొన్నాడు. ఆ సారు పాపం ఒక్కొక్కటే చూపించి చెప్పబోతే, నాయిన తన జిందగంతా ట్రాక్టర్ మీదనే గడిచిందని, ఇదేం లెక్కని చెప్పి తాళంచెవి అందుకున్నాడు. (నేనైనా అడగాల్సింది. కారు అద్దంలో జుట్టు చూసుకుంటున్నాను.)

అక్క కోసం బయల్దేరిన రోజు ఎండ దంచుతోంది. అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, నాయిన వాటిని తొక్కించాడు. అంతవరకు ప్రయాణంలో పొరపాటేమీ జరగలేదు. ఊరు దాటగానే దర్జాగా ఏసీ వేశాడు. గుండ్రటి గుబ్బకు ఒకవైపు నీలం, ఒకవైపు ఎరుపు. ఎరుపంటే ఫుల్లని ఆయన లెక్క, అటు చివరిదాకా తిప్పాడు. అద్దాలన్నీ ఎక్కించే బాధ్యత నాకు అప్పగించాడు. కాసేపటికి పెళ్లింటి పొయ్యి ముందు కూర్చున్నట్టయింది. అమ్మ కొంగుతో విసురుకుంటూ, ఏసీ అంటే గిట్లనే ఉంటదా అని అడిగింది. మొదట వేడే వస్తుందని, ఇంజన్ కుదురుకున్నాక చల్లబడుతుందని నాయిన ధీమాగా చెప్పాడు. వనపర్తి వచ్చేదాకా అది కుదురుకోలేదు. అద్దం దించబోతే, ఉన్న చల్లదనం పోతుందని కసిరాడు. (ఆ ఉన్నది ఎక్కడుందో వెతికే ఓపిక అప్పటికి నాలో లేదు.)

మా ట్రాక్టరు తాళం తిప్పితే ఆగే రకం కాదు. ఒక పిడి పట్టి లాగితేనే ఇంజన్ ఊపిరి వదులుతుంది. అక్క అత్తగారింటి ముందు కారు ఆపి, తాళం తిప్పాక కూడా నాయిన చెయ్యి ఊరుకోలేదు. స్టీరింగ్ కింద దొరికిన పిడిని అలవాటుగా లాగింది. టప్పుమని బానెట్ నోరు తెరిచింది. ఎదురొస్తున్న అక్క మామ అక్కడే ఆగిపోయాడు.

"ఏంది బావా, బండి ఖరాబైందా?"

"ఏం లేదు బావా, ఇంజన్‌కు జర గాలి ఆడనీకి," అన్నాడు నాయిన.

చెమటతో తడిసి ముద్దయిన మా ముగ్గురినీ చూసి, గాలి ఎవరికి అవసరమో ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. వెనక సీట్లో ఉన్న అమ్మకు తలుపు తానే తీసి, అందరినీ లోపలికి తీసుకుపోయి ఫ్యాన్ కింద కూర్చోబెట్టాడు.

భోజనాలయ్యాక అక్క అత్త మెల్లగా అసలు మాట ఎత్తింది. "ఏమనుకోకు అన్నా. పిల్ల ఒట్టి మనిషి గాదు. గా బండిల పంపాలంటే భయమైతుంది. మా కారుల మా పిలగాడు దింపొస్తడు."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు, అదే కష్టమైంది. ఉండుంటే నాయిన కోపమైనా తెచ్చుకునేవాడు. పిల్ల మంచిగ చేరుడే గావాలె చెల్లె అని, చేతిలోని తాళంచెవిని జేబులో వేసుకున్నాడు. పొద్దుటినుంచి జోకుల కోసం కాచుకుని ఉన్న నాకు, ఆ జేబు వైపు చూశాక ఒక్కటీ దొరకలేదు.

అక్క లేచింది. సంచి తెచ్చి మా కారు వెనక సీట్లో పెట్టి, నెమ్మదిగా తానూ ఎక్కి కూర్చుంది.

"చిన్నగున్నప్పుడు ట్రాక్టర్ మీద మా నాయిన పక్కన ఎగురుకుంట బడికి పోయిన అత్తా. గిది మెత్తగనే ఉంది," అంది.

అత్త నవ్వి, అక్క ఒడిలో పండ్లు పెట్టింది. కారు కదలగానే అక్క నన్ను ఆ గుబ్బను నీలం దిక్కు తిప్పమంది. (వాళ్ల కారులో అది చూసిందట.) చల్లగాలి తగిలింది. కుదురుకోవడానికి టైం పడుతుందని చెప్పానా లేదా అన్నట్టు నాయిన మా అందరి వైపూ చూశాడు. తర్వాత దారి పొడుగునా, గుంతల్లో ఎవరో పడుకున్నారన్నంత జాగ్రత్తగా నడిపాడు. మమ్మల్ని సైకిళ్లు దాటిపోయాయి. ఒక గొర్రెల మంద కూడా మాతో కాసేపు సమానంగా నడిచింది. అక్క అమ్మ భుజం మీద నిద్రపోయింది.

ఇంటి ముందు ఆగాక, లోపలినుంచి ఎంత లాగినా వెనక తలుపులు రాలేదు. నాయిన దిగి, చుట్టూ తిరిగి వచ్చి, బయటినుంచి తీసి, అక్క మోచేయి పట్టుకుని దించాడు. మర్నాడు నేను ఫోన్‌లో వీడియోలు చూసి, అది పిల్లల కోసం పెట్టిన తాళమని, తలుపు అంచున ఉన్న చిన్న మీట జరిపితే పోతుందని కనిపెట్టి, ఆయనకు గొప్పగా చూపించాను. నాయిన మీటను చూశాడు. దవాఖానకు పోవడానికి చెప్పులేసుకుంటున్న అక్కను చూశాడు.

"ఉండనీ రా. దానికి నేనే తీస్త."

కాన్పయ్యేదాకా అలాగే తీశాడు. ఇప్పుడు ఆ కారు నా చేతికొచ్చింది. అందులో ఏ బటన్ ఏం చేస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలను, ఎవరూ అడగరు గాని. అక్క కూతురు వచ్చినప్పుడల్లా వెనక సీటు ఆమెదే. ఇంటికి చేరగానే నేను దిగి, చుట్టూ తిరిగి వెళ్లి, తలుపు తీసి చెయ్యి చాపుతాను. ఆమె నా చేతిని చూసి, తలుపు మళ్లీ వెయ్యమంటుంది. తాత రావాలట. నేను నవ్వుకుంటూ తలుపు వేసి, లోపలున్న నాయినకు కేకేస్తాను.