బాపుకు చెప్పని పేరు

ఆ ఉదయం పదీ పదికి నర్సమ్మ మొయినాబాద్ నుంచి వచ్చిన షేర్ ఆటో మా ఊరు హిమాయత్‌నగర్‌లో దిగి, మా ఇంటికి దారి అడగడానికి ఫోన్ చేసింది. అన్న మొదట టీవీ సౌండ్ పెంచి, ఆ తర్వాత బయటికి వెళ్లి మాట్లాడాడు.

బాపుకు కడుపులో క్యాన్సర్. ఆయనకు మాత్రం పుండు అని చెప్పాం. ఆ పేరు వింటే మనిషి తిండి మానేస్తాడని మా ఇళ్లలో నమ్మకం. దవాఖాన నుంచి ఫోన్ వస్తే అన్న, అమ్మ, నేను, ఎవరం దగ్గరుంటే వాళ్లం రిమోట్ అందుకునేవాళ్లం.

నర్సమ్మ ఇంకా పై చదువు చదువుతోంది. జబ్బుతో ఇంట్లో ఉన్నవాళ్లకు రోజు ఎలా గడుస్తుందో వాళ్ల నోటితోనే విని రాయడం ఆమె పరిశోధన. బాపు సరేనన్నాడు. అన్న ఆమెను గడపలోనే ఆపి, ఆ పేరు ఎత్తవద్దన్నాడు.

"నేనైతే ఎత్తను, అన్నా. బాపు అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను."

ఆమెను వెనక్కి పంపుదామా అన్నట్టు అన్న నా వైపు చూశాడు. అంతలో బాపు లోపలి నుంచి పిలిచాడు.

ఆమె మంచం పక్కన కూర్చుంది. నొప్పి ఎలా ఉందని అడిగితే, తగ్గిందని అన్న చెప్పాడు. నిద్ర గురించి అడిగితే, బాగానే పడుతోందని నేను చెప్పాను. ఆమె మాకు అడ్డు చెప్పలేదు. మేం చెప్పింది రాసుకోనూ లేదు. బాపు వైపే చూస్తూ, ఆయన జబ్బు గురించి ఆయనకు ఏం తెలుసో చెప్పమంది. అన్న నోరు తెరిచాడు.

"జర ఆ టీవీ బంద్ చెయ్‌రా," అన్నాడు బాపు.

అన్న బంద్ చేశాడు.

"క్యాన్సరు బిడ్డా. దవాఖాన బల్ల మీద కూసున్నోళ్లందరు అదే ముచ్చట పెడ్తరు. నాకు తెల్వదా? వీళ్లకు మాత్రం చెప్పకు, ఫికర్ చేస్తరు."

మేమిద్దరం అక్కడే నిలబడి ఉన్నాం. ఆమె నవ్వలేదు. అన్నింటికన్నా ఏది కష్టంగా ఉందని అడిగింది.

"నొప్పికి గోలి ఉన్నది. పొద్దంత ఏం తెల్వనట్టు ఉండుడే కష్టం. దానికి గోలి లేదు."

బాపు మధ్యాహ్నం దాకా మాట్లాడాడు. ఆలూరు వైపు ఉన్న చేను ఎవరు చూడాలో చెప్పాడు. ఆఖరి రోజుల్లో తనను పట్నం దవాఖానకు తీసుకుపోవద్దని, ఇంట్లోనే ఉంచమని చెప్పాడు. అది మాకు చెప్పాలని ఆయనకు ఎప్పటి నుంచో ఉందట. చెబితే తనకు తెలుసని బయటపడుతుందని ఆగాడట.

వానలు మొదలయ్యాక, ఆయన అడిగినట్టే, ఇంట్లోనే పోయాడు.

ఇప్పుడు అమ్మకు గుండె జబ్బు. చేవెళ్ల దవాఖాన నుంచి ఫోన్ వస్తే అన్న ఆమె పక్కనే కూర్చుని మాట్లాడతాడు. టీవీ సౌండ్ ఎవరమూ పెంచడం లేదు.