ఒక పెట్టె, ఎనిమిది తెరలు

మా బాపు కంప్యూటర్లను తూకానికి కొన్నాడు. ఈ మాట చెబితే ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. నవ్వండి. నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

ఉస్మాన్‌గంజ్‌లో మాది చింతపండు హోల్‌సేల్ దుకాణం. ఇల్లు హుస్సేనీ ఆలంలో. బాపు బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు పైకి తీసి, రెండు వేళ్ల మధ్య నలిపి, ఇది ఏ ఏటి పంటో, గింజెంతో, పీచెంతో, బరువు కోసం నీళ్లు చల్లారో లేదో చెప్పేసేవాడు. ఆయన మాటకు గంజ్‌లో తిరుగులేదు. మిగతా వ్యాపారులు కూడా సరుకు కొనే ముందు నమూనా పొట్లం కట్టుకుని మా దుకాణం మెట్లెక్కేవారు. "అన్నా, జర చెయ్యి వెట్టి సూడు" అని అడిగేవారు. పొద్దున తొమ్మిదింటికల్లా ఆయన గద్దె ముందు పొట్లాలు వరసగా ఉండేవి. అందుకు ఆయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. ఆ పొట్లాల వరసే ఆయనకు మర్యాద.

ఆయన భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాల ఉండేది. చెమట తుడుచుకోవడానికి కాదు. ఆ రోజుల్లో గంజ్‌లో ధర నోటితో చెప్పేవారు కాదు. ఇద్దరూ చేతులు కలిపి, పైన తువ్వాల కప్పి, లోపల వేళ్లు పట్టి నొక్కి బేరం చేసేవారు. చుట్టూ పదిమంది నిలబడినా ఎంతన్నారో ఎవరికీ తెలిసేది కాదు. ఇష్టం లేనివాడు తువ్వాల కింది నుంచి చెయ్యి తీసేసుకుంటాడు. తీశాక మళ్లీ అడగకూడదు. అది అక్కడి కట్టుబాటు.

తొంభైల చివర సంగతి. డిగ్రీ అయిపోయి, మూసీ అవతల ఒక ఇన్‌స్టిట్యూట్‌లో యూనిక్స్ నేర్చుకుని, అక్కడే పాఠాలు చెబుతున్నాను. యూనిక్స్ పెద్ద పెద్ద ఆఫీసుల్లో వాడే వ్యవస్థ. ఒకే కంప్యూటర్ మీద పదిమంది ఒకేసారి ఎవరి పని వాళ్లు చేసుకోవచ్చు. మా గల్లీ ఆడపిల్లలు ఎనిమిది మంది "అక్కా, మాగ్గూడ నేర్పరాదే" అని నా వెంటపడ్డారు. వాళ్లను ఇళ్లలో మూసీ దాటి పంపరు. మా ఇంటి ముందు గది ఖాళీగానే ఉంది. సరే రండి అన్నాను. మరి కంప్యూటర్లెక్కడివి? "నువ్వు ఫికర్ జెయ్యకు బిడ్డా, నేన్ దెస్త" అన్నాడు బాపు.

తెచ్చిన తీరు చూడాలి! మూతబడిన ఏదో ఆఫీసు సామానంతా ఒక పాతసామాన్ల వ్యాపారి ఎత్తుకొచ్చి కాంటా మీద పెట్టి అమ్ముతున్నాడట. బాపుకు అది సొంతింటికి వెళ్లినట్టే ఉండి ఉంటుంది. బరువున్న బస్తాలో పండుంటుంది, తేలిక బస్తాలో పీచుంటుంది. పుట్టినప్పటి నుంచి ఆయనకు తెలిసిన లెక్క అది. ఒక్కొక్కటే ఎత్తి చూసి, బరువుకు చేతిని కిందికి లాగినవే ఏరాడు. ఎనిమిది తెరలు, ఎనిమిది కీబోర్డులు, ఇద్దరు హమాలీలు రొప్పుతూ దించిన ఒక ఇనప పెట్టె. తోపుడు బండి మా గుమ్మం ముందు ఆగేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. ఆయన వెంట ఎదురు దుకాణం సేఠ్ కూడా వచ్చాడు. సేఠ్‌దీ చింతపండు వ్యాపారమే. నోరు మాత్రం పచ్చిమిర్చి.

తెరల వెనక చూశాను. ఒక్క క్షణంలో నా ఒళ్లు మండింది. అవి కంప్యూటర్లు కావు. టెర్మినళ్లు. ఉత్త తెరా, కీబోర్డూ. లోపల ఆలోచించే భాగం ఉండదు. ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే అది పంపిన అక్షరాలు చూపిస్తాయి, అంతే.

"ఏంది బాపూ ఇది! గివి కంప్యూటర్లే గావు! ఉత్త డబ్బాలు! అడిగి కొనొద్దా?" అని అరిచేశాను. నాకు ముక్కు మీదే కోపం. సేఠ్ మా ముందు గదిలోనే కూర్చుని చాయ్ తాగుతున్నాడన్న ధ్యాస కూడా లేకపోయింది.

సేఠ్ చాయ్ గ్లాసు కింద పెట్టి పకపకా నవ్వాడు. "పొట్టు గొన్నవ్ గదా అన్నా! మరి పండేడ వాయె?"

తెల్లారేసరికి ఆ మాట గంజ్ అంతా పాకింది. గంజ్ వ్యాపారులు చింతపండు గురించీ అదే అనడం మొదలుపెట్టారు: ఆయన కన్ను మందగించింది, చెయ్యి మొద్దుబారింది. వారం తిరిగేలోపు గద్దె ముందు ఒక్క పొట్లం లేదు. బాపు దుకాణానికి వెళ్తూనే ఉన్నాడు గానీ, తువ్వాలను లోపలి గదిలో మేకుకు తగిలించేసి వెళ్తున్నాడు. బేరాలు చిన్నాయన చేస్తున్నాడు. బాపు ఒక మూల కూర్చుని బస్తాలు కుట్టే దారం చుట్టుకుంటున్నాడట. ఈ మాట చిన్నాయన చెప్పినప్పుడు నాకు తల తీసేసినట్టయింది. ఆయన్ను నవ్వులపాలు చేసింది సేఠ్ కాదు, నేను. ఆ అరుపు నాది.

సరే, అరిచిన నోటితో ఏడిస్తే లాభమేముంది? ఇనప పెట్టె మూత విప్పాను.

లోపలున్నవన్నీ ఒక్కొక్కటే చూశాను. అది ఆ ఆఫీసుకు పెద్ద దిక్కుగా పనిచేసిన యంత్రం. అప్పటికే పాతబడిన 486 రకం, అయినా పదహారు ఎంబీల మెమరీ, బాగానే ఉన్న హార్డ్‌డిస్కు. వెనక ఎనిమిది తీగలు తగిలించుకునే ఒక కార్డు. ఎనిమిది! టెర్మినళ్లు ఎనిమిది! బాపు చెయ్యి మోసపోలేదు. బరువున్నదాన్నే పట్టింది. ఆ బరువులో ఏముందో ఆయనకు తెలియదు, అంతే.

ఇన్‌స్టిట్యూట్ నుంచి అరువు తెచ్చిన మామూలు తెరా, కీబోర్డూ తగిలిస్తే పెట్టెకు ప్రాణం వచ్చింది గానీ పాస్‌వర్డ్ అడిగి కూర్చుంది. ఆ ఆఫీసు మనుషులు ఏ ఊళ్లో ఉన్నారో! అప్పుడు గుర్తొచ్చింది, నేను కొనే కంప్యూటర్ పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన లినక్స్ సీడీ. లినక్స్ కూడా యూనిక్స్ తీరుదే. లోపలి రాతంతా ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. కొత్త యంత్రమే కావాలని మంకుపట్టు పట్టదు. కానీ మా పెట్టెకు సీడీ పెట్టే చోటే లేదు. ఇన్‌స్టిట్యూట్‌లో భోజనాల వేళ కూర్చుని సీడీలో ఉన్నదాన్ని ఫ్లాపీల మీదికి ఎక్కించాను. నలభై ఒక్క ఫ్లాపీ. అన్నం డబ్బా ఒక చేతిలో, ఫ్లాపీ ఒక చేతిలో. ఆదివారం పొద్దున ఒక్కొక్కటే పెట్టెకు తినిపిస్తూ పోతే ముప్పై ఏడోది చదవనని మొరాయించింది. కుర్చీలోంచి లేచి దాన్ని తిట్టిన తిట్లు అమ్మ విని దేవుడి గది తలుపేసేసింది. సోమవారం ఆ ఒక్కటీ మళ్లీ రాసుకొచ్చి, మరుసటి ఆదివారం మొదటి నుంచి మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి నల్లటి తెర మీద లాగిన్ అన్న మాట కనబడింది. నా పేరు కొట్టి లోపలికి వెళ్లాను.

ఇక తీగలు. మొఘల్‌పురాలో ఒక భాయ్ రేడియోలు, మైకుసెట్లు బాగుచేసేవాడు. ఆయన దగ్గరికి వెళ్లి సంగతంతా చెప్పాను. పెట్టె నుంచి తెరకు వేసే తీగల్లో మామూలుగా ఏడెనిమిది సన్న తీగలుంటాయని, అవన్నీ అతకాలని అన్నాను. భాయ్ కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"ఇన్ని తీగలు దేనికి బేటీ? పోయేది ఒకటి, వచ్చేది ఒకటి, ఎర్తు జమీన్ ఒకటి. మూడు బస్ హై. ఫికర్ నక్కో."

మూడేసి తీగలతో ఎనిమిది కేబుళ్లు అతికిచ్చాడు. తగిలిస్తే తెరల మీద ఒక్క చుక్క కూడా రాలేదు. భాయ్ స్వయంగా ఇంటికొచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. పంపే తీగను పంపే చోటికే వేశాడు. ఇద్దరూ మాట్లాడేవాళ్లే అయితే వినేదెవరు? రెండు తీగలు అటుదిటు, ఇటుదటు మార్చాడు. ఈసారి అక్షరాలొచ్చాయి గానీ అన్నీ పిచ్చి అక్షరాలు. పెట్టె ఒక వేగంతో పంపుతోంది, తెర ఇంకో వేగంతో చదువుతోంది. ఎనిమిదింటి వేగమూ ఒకటి చేశాను. ఒక్కొక్క తెరే లాగిన్ అని అడగడం మొదలుపెట్టింది. ఎనిమిదోది కూడా అడిగాక భాయ్ "మాషా అల్లా!" అని సోల్డరింగ్ కడ్డీ పైకెత్తి ఊపాడు. మా ఇద్దరికీ ఆ పూట పట్టపగ్గాల్లేవు.

అమ్మాయిలు వచ్చారు. పాఠాలు మొదలయ్యాయి. బాపు మాత్రం ముందు గదిలోకి తొంగి చూసేవాడు కాదు. "బాపూ, మస్తుగ నడుస్తున్నయ్, ఒక్కసారి రా" అంటే, "మంచిది బిడ్డా" అనేవాడు, అటు నుంచి అటే పోయేవాడు. ఇంట్లో నడిస్తే ఏం లాభం? ఆయన పేరు పోయింది గంజ్‌లో. అక్కడి మనిషి చూడాలి. అందుకే ఒక సాయంత్రం నేనే సేఠ్ దుకాణానికి వెళ్లాను.

"సేఠ్, మా పొట్టు జూద్దువు గని, రా."

సేఠ్ నవ్వుకుంటూ వచ్చాడు. బాపు తప్పించుకోలేక గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎనిమిది మంది అమ్మాయిలు ఎనిమిది తెరల ముందు టకటకా కొడుతున్నారు. సేఠ్ వరస చివరిదాకా నడిచి, ఇనప పెట్టెను వేలితో తట్టి, వెనక్కి వచ్చాడు.

"ఇదంత ఇంద్రజాలం. గివి టీవీలసొంటివే గదా" అన్నాడు. అంటూనే వంగి, ఒకమ్మాయి తెర స్విచ్ టక్కుమని ఆపేశాడు.

ఆ పిల్ల అరగంట నుంచి ఒక ఉత్తరం కొట్టుకుంటోంది. తెర చచ్చిపోయింది. "అయ్యో నా ఉత్తరం!" అని ఏడుపు ముఖం పెట్టింది. మిగతా ఏడుగురూ కొడుతూనే ఉన్నారు.

"పాయె! జూసినవా అన్నా? ఒక్క బటన్‌కు అంత మాయం!" అన్నాడు సేఠ్.

నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. ఒకసారి అరిచి చేసింది చాలు. స్విచ్ మళ్లీ వేశాను. తెర వేడెక్కి వెలుతురు వచ్చింది. ఖాళీ. "కంట్రోల్ పట్టుకుని ఎల్ నొక్కమ్మా" అన్నాను. నొక్కింది. ఉత్తరమంతా వచ్చి నిలబడింది, ఆగిన మాట దగ్గరే. తెర ఆరిపోయిన సంగతి పెట్టెకు తెలియనే తెలియదు. తెలియజెప్పే తీగలు భాయ్ వేయలేదు మరి! రాసిందంతా పెట్టెలోనే భద్రంగా ఉంది.

సేఠ్ మళ్లీ వంగాడు. ఆయనే మళ్లీ ఆపాడు. మళ్లీ వేశాడు. పిల్ల మళ్లీ నొక్కింది. మళ్లీ వచ్చింది.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి బాపు గొంతు వినబడింది. నేను ఆయనకు ఎప్పుడూ వివరించలేదు. చూసి పట్టుకున్నాడు.

"సేఠ్, నీ ముందర ఉన్నది నమూనా. మాల్ గోదాంల ఉన్నది." ఇనప పెట్టె వైపు చెయ్యి చూపించాడు. "నమూనా పొట్లం జింపితె గోదాం ఖాళీ అయితదా?"

యూనిక్స్‌ను నేను ఏళ్ల తరబడి వందల మందికి చెప్పాను. ఆ రెండు మాటల కంటే బాగా ఎన్నడూ చెప్పలేకపోయాను.

మంచి సరుకు కనబడితే గంజ్ మనిషి చెయ్యి ఊరుకోదు. సేఠ్ తన భుజం మీది తువ్వాల తీశాడు. బాపు చెయ్యి అందుకుని, పైన కప్పి, లోపల వేళ్లు నొక్కాడు. ఆ పెట్టెకు ఎంతన్నాడో మాకెవ్వరికీ తెలియదు. టకటకలు ఆగిపోయాయి. ఎంత పెద్ద ధర వచ్చినా బాపు ఒప్పుకోడనుకున్నాను గానీ, ఆయన చాలాసేపు చెయ్యి తియ్యలేదు. సేఠ్ ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత చెయ్యి తీసేసుకున్నాడు. లోపలి గదిలోకి వెళ్లి, మేకుకున్న తన తువ్వాల తీసి, గట్టిగా దులిపి, భుజాన వేసుకుని వచ్చాడు.

"కొట్టుండ్రి బిడ్డా, ఎందుకాపిండ్రు?" అన్నాడు అమ్మాయిలతో.

ఆ పెట్టె మా ముందు గదిలో ఇంకో ఏడేళ్లు నడిచింది. చుట్టుపక్కల రంగుల కంప్యూటర్లు వచ్చాక కూడా నడిచింది. దాని మీద నేర్చుకున్న అమ్మాయిల్లో ముగ్గురు తర్వాత మూసీ దాటి వెళ్లి నాలాగే పాఠాలు చెప్పారు. అందరితో గొప్పగా చెప్పుకుంటాను, సిగ్గేముంది? కానీ నాకు అన్నింటికంటే గొప్ప, సేఠ్ మా ఇంటికొచ్చి బేరమాడిన మరుసటి పొద్దు. కావాలనే బాపుతో పాటు దుకాణానికి వెళ్లాను. గద్దె ముందు ఒకే ఒక్క పొట్లం ఉంది. పక్కన సేఠ్ నిలబడి ఉన్నాడు.

"అన్నా, జర చెయ్యి వెట్టి సూడు."

బాపు పొట్లం విప్పి, రెండు వేళ్ల మధ్య నలిపాడు. వాసన చూశాడు. తొందరేమీ లేదు.

"నీళ్లు జల్లిండ్రు సేఠ్," అన్నాడు. "కొనకు."

సేఠ్ తల ఊపి, పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.